అడిగిపోయిన గిరాకిని ఆర్డరు దాకా నడుపుట

ప్రదర్శనలో మన బట్టల ముందు నిలిచి, అంచు తడిమి చూచి, ధర అడిగి, “మా షాపుకు కావలెను, వివరములు పంపండి” అని చీటీ ఇచ్చి పోవువారు ఎందరో గలరు. ఆ చీటీ గతి యేమి? చాల యిండ్లలో అది లెక్కల పుస్తకము నడుమ మడిచిన కాగితముగా మిగిలిపోవుచున్నది. రెండు మూడు నెలల పిదప జ్ఞాపకము వచ్చి వ్రాసినచో, “మీనుండి కబురు రానందున వేరొకచోట తీసికొంటిమి” అను జవాబు వచ్చును. ఈ నష్టము ఏ జమాఖర్చులోను కనిపించదు. కనిపించదు గనుకనే ఏటేట పెరుగుచున్నది.

మనకు మగ్గమున్నది, నూలున్నది, పనితనమున్నది. అయినను దళారికి కమీషను ఇచ్చుకొనుచున్నాము. ఏలయన, దళారి అడిగినవానిని విడువడు. నేడు జాబు వ్రాయును, వారమునకు మరల వ్రాయును, శాంపిలు పంపును, ధర కుదుర్చును. మగ్గముమీద కూర్చున్నవానికి అంత తీరిక లేదు. ఈ పనిలో కొంత భాగమును యంత్రముచేత చేయించుకొను పద్ధతి యిప్పుడు చిన్న సంఘములకును అందుబాటులోనికి వచ్చినది. వరుసగా, వాటంతటవే పోవు ఈ-మెయిలు జాబుల పద్ధతి యది. దానిని గురించి మన కుటుంబములకు తెలియవలసిన సంగతులను ఇందు వివరింపదలచినాము.

చీరె కొను గృహిణి వాట్సప్‌లో అడుగును, వాట్సప్‌లోనే తేల్చుకొనును. ఆమెకు ఈ-మెయిలుతో పని లేదు. కాని హోటళ్లు, పెద్ద షాపులు, ఎగుమతిదారులు, పరదేశపు కొనుగోలుదారులు నేటికిని ఈ-మెయిలు మీదనే కొటేషను అడుగుదురు, దానినే ఫైలులో పెట్టుకొందురు. మనము చెప్పునది యిట్టివారిని గురించియే.

జకార్డు అట్టల వంటిది

ఈ పద్ధతిని నేతగానికి తెలియజెప్పుట కష్టము కాదు. జకార్డు మగ్గముపై ఏ పోగు ఎప్పుడు లేవవలెనో అట్టలలో కొట్టిన రంధ్రములే చెప్పును. అట్టలు ఒకసారి సరిగా కొట్టి కట్టినచో, నేయువాడు ప్రతి పేకకు పోగులను ఏరుకొనవలసిన పని లేదు. ఇదియు అంతే. ఎవరికి, ఎన్నవ దినమున, ఏ జాబు పోవలెనో ముందుగానే వ్రాసి కంప్యూటరులో అమర్చుదుము. మెయిల్‌చింప్, జోహో వంటి సంస్థల సాధనములు ఇందుకు కలవు. అయితే ఒక్కటి మరువరాదు. ఒక్క అట్టలో తప్పు రంధ్రము పడినచో ఆ తప్పు బట్ట పొడుగునా మరల మరల పడును. తప్పు జాబును అమర్చినచో అది అందరికిని పోవును.

ముందు మెట్లు ఏర్పరచవలెను

జాబులు వ్రాయుటకు ముందు గిరాకిదారులను మెట్లవారీగా విడదీయవలెను. మన వ్యాపారమునకు అయిదు మెట్లు చాలును: అడిగినవారు, శాంపిలు తీసికొన్నవారు, ధర తెలిసికొన్నవారు, ఆర్డరిచ్చినవారు, మరల ఆర్డరిచ్చినవారు. ప్రతి పేరును ఏదో ఒక మెట్టుపై మాత్రమే ఉండవలెను. ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు మార్చుటకు గిరాకిదారు చేసిన పనియే ఆధారము కావలెను గాని మన ఆశ కారాదు. శాంపిలుకు డబ్బు కట్టినాడా, చిరునామా పంపినాడా, అప్పుడే రెండవ మెట్టు.

“మా జాబు తెరచి చూచినాడు” అనుటను ఆధారముగా తీసికొనరాదు. 2021లో ఆపిల్ సంస్థ తన మెయిలులో ఒక మార్పు చేసినది. దానిని వాడువారి జాబులలోని బొమ్మలను, వారు చదివినను చదువకున్నను, ఆ సంస్థ యంత్రములే ముందుగా తెచ్చి పెట్టుకొనును. కావున తెరచినట్లు లెక్కలో చూపినవన్నియు నిజముగా తెరచినవి కావు. జవాబు వ్రాయుట, ధరల పట్టిక అడుగుట, శాంపిలు కోరుట, ఇవియే నమ్మదగిన గుర్తులు.

జాబుల వరుస

షోలాపూరులో టెర్రీ తువాళ్లు నేయించు ఒక కుటుంబమును ఉదాహరణకు తీసికొందము. ఒక హోటలువారు ధర అడిగినారు. జాబుల వరుస ఈ విధముగా ఉండవచ్చును.

మొదటి జాబు అడిగిన గంటలోపల పోవలెను. “మీ జాబు అందినది, ఫలానా దినములోపల పూర్తి వివరములు పంపుదుము” అని నాలుగు పంక్తులు చాలును.

రెండవది మూడవ దినమున. ఇందు సరుకు వివరము: కొలత, చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు, ఏ నూలు, రంగు నిలుచునా, ఎట్లు ఉతుకవలెను. మరమగ్గముపై నేసినచో మరమగ్గమనియే వ్రాయవలెను. చేనేతకు 2006నుండి హ్యాండ్‌లూమ్ మార్కు కలదు. మార్కు పొందిన సరుకునకే ఆ ముద్ర వేయవలెను.

మూడవది ఏడవ దినమున. శాంపిలు ఎట్లు తీసికొనవలెను, దాని ఖరీదెంత, ఆర్డరిచ్చినచో అది తగ్గింతురా అను సంగతులు.

నాలుగవది పదునాలుగవ దినమున. ఎన్ని డజనులకు ఏ ధర, జి.ఎస్.టి. ఎంత, అడ్వాన్సు ఎంత, ఎన్ని దినములలో సరుకు చేరును.

అయిదవది నెల తిరిగిన పిదప. “ప్రస్తుతము మీకు అవసరము లేనట్లు తోచుచున్నది. మరల ఎప్పుడు వ్రాయమందురు?” అని మర్యాదగా అడిగి ఆపవలెను. జవాబు రానిచో ఆ పేరును సంవత్సరమునకు ఒకటి రెండు జాబుల పట్టీలో చేర్చిన చాలును. అంతకు మించి వెంటపడుట మన సరుకు విలువను మనమే తగ్గించుకొనుట.

వీటన్నిటికంటె ముఖ్యమైన నియమమొకటి కలదు. గిరాకిదారు జవాబు వ్రాసిన క్షణమున వరుస ఆగిపోవునట్లు అమర్చవలెను. అటుపైన మనిషే వ్రాయవలెను. ఆయన “రంగు దిగినది” అని వ్రాసియుండగా, మరునాడు యంత్రము “మా రంగులు దిగవు” అని జాబు పంపినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

మేము చేసిన పొరపాటు

ఈ విషయమున మా తప్పును దాచుకొనము. మేము తొలుత అడిగినవారిని, ఆర్డరిచ్చినవారిని, తుదకు మాకు నూలు అమ్మువారిని కూడ ఒకే పట్టీలో చేర్చి, పండుగ తగ్గింపు జాబు అందరికిని పంపితిమి. అంతకు వారము ముందే పూర్తి ధరకు అడ్వాన్సు కట్టిన ఒక షాపువారికి కూడ అది చేరినది. “మావద్ద పూర్తి ధర ఎందుకు తీసికొంటిరి?” అని వారడిగిరి. తేడాను వాపసు చేసి ఆ ఆర్డరును నిలుపుకొంటిమి గాని, తరువాతి ఆర్డరు మరి రాలేదు. అప్పటినుండి, ఆర్డరిచ్చినవారు అడిగినవారి వరుసలో ఉండరాదను నియమమును మొట్టమొదట పెట్టుకొంటిమి. క్రొత్త వరుసను ముందు మా యింటి చిరునామాలకే పంపుకొని చూచి, ఆ పిదపనే బయటకు పంపుచున్నాము.

అనుమతి, చట్టము

ఈ సందర్భమున ఒక పాత సంగతి చెప్పుకొనవచ్చును. 1978 మే నెలలో అమెరికాలో గారీ థ్యూర్క్ అను కంప్యూటరు కంపెనీ ఉద్యోగి, అప్పటి ఆర్పానెట్‌పై సుమారు నాలుగువందలమందికి అడుగకయే ఒక వ్యాపార ప్రకటన పంపెను. కొంత అమ్మకము జరిగినది, దానితోపాటు తీవ్రమైన ఆక్షేపణయు వచ్చినది. నేడు స్పాము అని మనము విసుగుకొనుదానికి అదియే మొదలని చెప్పుదురు.

కాబట్టి తాముగా చిరునామా ఇచ్చి, జాబులు పంపుమన్నవారికే పంపవలెను. ఎక్కడనో కొన్న చిరునామాల పట్టీ పనికిరాదు. మన దేశమున 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. అది సమ్మతికి ప్రాధాన్య మిచ్చుచున్నది. అమెరికాకు పంపువారు అక్కడి 2003 నాటి చట్టము ప్రకారము ప్రతి వ్యాపార జాబులోను తమ తపాలా చిరునామా వ్రాయవలెను. వద్దన్నవారికి పది పనిదినములలోపల పంపుట మానవలెను. ఐరోపా సమాఖ్య నియమములు 2018 మేనుండి యింకను కఠినముగా నున్నవి.

2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ సంస్థలును పెద్ద సంఖ్యలో పంపువారికి షరతులు పెట్టినవి. ఒక్క నొక్కుతో “ఇక వద్దు” అనుటకు వీలుండవలెను. స్పామని ఫిర్యాదు చేసినవారి శాతము 0.3కు చేరరాదు, అనగా వేయింటికి మూడు కూడ కారాదు. జాబు నిజముగా మనమే పంపితిమని ఋజువు చేయు ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డిమార్క్ అను మూడు గుర్తులు ఉండవలెను. మనవంటి చిన్నవారు అన్ని జాబులు పంపకున్నను, వీనిని పాటించినచో జాబు స్పాములో పడుట తగ్గును. ఇందుకు ఉచిత జీమెయిలు చిరునామా చాలదు. సంఘము పేరున సొంత డొమైను తీసికొనుట మంచిది.

లెక్క చూచుకొనుట

నెలకొకసారి మెట్లవారీగా లెక్క చూడవలెను. ఉదాహరణకు 40 మంది అడిగినారు, 25 మంది శాంపిలు తీసికొన్నారు, 20 మంది ధర తెలిసికొన్నారు, ఆర్డరులు 3 మాత్రమే వచ్చినవి అనుకొందము. పోగు ధర మెట్టున తెగుచున్నదన్నమాట. సరుకు నచ్చనిచో శాంపిలు దగ్గరనే ఆగియుందురు. ధర ఎక్కువయా, గడువు దూరమా, అడ్వాన్సు భారమా అని ఆ 17 మందిలో కొందరికి ఫోను చేసి అడుగవలెను. ఆ మాట యంత్రము అడుగలేదు.

తుదిగా మగ్గముల శక్తిని చూచుకొనవలెను. ఒక చీరెకు ఆరు దినములు పట్టినచో, పది మగ్గములపై 60 పనిదినములలో వచ్చునవి 100 చీరెలే. నూరు చీరెలకు ఆర్డరు పట్టిన దినమున, ధర జాబులోని గడువును వెంటనే మార్చవలెను. యంత్రము నిద్రపోదు. మన చేతులు యంత్రములు కావు. మాట ఇచ్చి తప్పుటకంటె “మూడు నెలల తరువాత ఇవ్వగలము” అనుటయే గౌరవము. తెలిసిన షాపువారు దానికి కాచుకొందురు.

బెంగుళూరు, సేలం, బరంపురం, షోలాపూరు, భివండీ, యానాం, ఎక్కడ స్థిరపడినను మన యిండ్లలో చదువుకొన్న పిల్లలు ఉన్నారు. కంప్యూటరు పని వారికి చేతనగును. కాని సరుకు సంగతి పెద్దలకే తెలియును. ఇద్దరును ఒక పూట కలిసి కూర్చుండి ఆ అయిదు జాబులను మన మాటలలో వ్రాసికొని, పిదప గిరాకిదారు భాషలోనికి మార్చుకొనవలెను. నేటి రాత్రియే ఆ లెక్కల పుస్తకము తెరచి, మడిచిపెట్టిన చీటీలను బయటకు తీయవలసినదిగా సభ్యులందరిని కోరుచున్నాము. తెగిన పోగును కనబడినప్పుడే అతుకవలెనని మనకు ఒకరు చెప్పవలసిన పని లేదు గదా.