బండి ‘స్లో’ నిలవకపోతే స్క్రూ ఒక్కటే మందు కాదు!

ఊరి బయట వంతెన ఎక్కబోతుండగా బండి టక్కున ఆగిపోతుంది. వెనుక పాల క్యాన్లు, ఎదురుగా లారీ. కిక్కు మీద కిక్కు కొడితే గానీ ఇంజను మళ్లీ అందుకోదు. పాత టూ స్ట్రోక్ బళ్లున్న పల్లెల్లో ఈ తిప్పలు పడనివారు అరుదు. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలినా ఇంజను ఆగకుండా నెమ్మదిగా తిరుగుతుండడాన్నే షెడ్ల భాషలో ‘స్లో’ అంటారు. అది కుదురుగా లేకపోతే పెట్రోలు దండగ కావడమే కాదు, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

ఎస్కార్ట్స్ కంపెనీ 1962లో తెచ్చిన రాజ్‌దూత్, 1980లో వచ్చిన టీవీఎస్ 50, 1985లో దిగిన యమహా ఆర్‌ఎక్స్ 100 పల్లె బాటల్లో ఏళ్ల తరబడి తిరిగాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. 2000 తర్వాత పొగ నిబంధనలు కఠినం కావడంతో టూ స్ట్రోక్ బళ్లు ఒక్కొక్కటే తెరమరుగయ్యాయి. అయినా బురదలోంచి లాగుతుందని, గట్టు ఎక్కుతుందని, విప్పి బిగించడం సులువని ఉన్న బండిని వదులుకోని రైతులు ఇప్పటికీ ఉన్నారు. మట్టి రేసుల బళ్లకు మలుపులో క్లచ్ పట్టినప్పుడు ఇంజను ఆగకుండా ఉండడం ఎంత ముఖ్యమో, పొలం బాటన వెళ్లే ఈ బళ్లకూ అంతే ముఖ్యం.

రెండు స్క్రూలు - రెండు పనులు

కార్బొరేటర్‌కు బయట రెండు స్క్రూలు కనిపిస్తాయి. ఒకటి లోపలి స్లయిడ్‌ను కాస్త పైకెత్తి పట్టుకుంటుంది. దాన్ని బిగిస్తే స్లో పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. రెండోది ఎయిర్ స్క్రూ. ఇది స్లోలో పెట్రోలుతో కలిసే గాలి పాలు చూస్తుంది. బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. వదులు చేస్తే గాలి ఎక్కువవుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫోర్ స్ట్రోక్ బళ్లలో ఎక్కువగా ఈ స్క్రూ ఇంజను వైపు ఉంటుంది. అక్కడ వదులు చేస్తే పెరిగేది పెట్రోలు. టూ స్ట్రోక్ బళ్లలో మామూలుగా ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ అలవాటు కొద్దీ తిప్పితే ఫలితం తలకిందులవుతుంది.

స్క్రూ ముట్టే ముందు

ముందు ఎయిర్ ఫిల్టరు దుమ్ము దులపాలి, ప్లగ్ మసి తుడవాలి. చాలా బళ్లకు ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉంటే చాలు. రాజ్‌దూత్ లాంటి పాయింట్ల బండి అయితే పాయింట్లు కూడా శుభ్రం చేసుకోవాలి. యాక్సిలరేటర్ కేబులుకు రెండు మూడు మిల్లీమీటర్ల వదులుండాలి. బండి నిలబెట్టి, ఇంజను తిరుగుతుండగా హ్యాండిలు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూడాలి. అలా తిప్పినప్పుడు స్లో పెరిగితే తప్పు కేబులుది, స్క్రూది కాదు.

వారాల తరబడి వాడని బండి అయితే కార్బొరేటర్ కింది గిన్నెలో పాత పెట్రోలు జిగురు కడుతుంది. స్లో జెట్టు రంధ్రం చాలా సన్నం, ముందుగా మూసుకుపోయేది అదే. తీగతో పొడిస్తే ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది. పెట్రోలుతో కడిగి సైకిలు పంపు గాలి కొడితే సరిపోతుంది. ఈ పనంతా ఆరుబయటే చేయాలి. బీడీ, దీపం దగ్గరకు రానివ్వకూడదు.

పెట్టే పద్ధతి

చల్లటి ఇంజను మీద స్లో పెట్టకూడదు. రెండు మూడు కిలోమీటర్లు నడిపి, చౌక్ పూర్తిగా తీసేసి, బండిని చదునైన చోట నిలబెట్టాలి. ఇంజను ఆపి, ఎయిర్ స్క్రూను మెల్లగా చివరికంటా బిగించాలి. తగిలీ తగలగానే ఆపాలి. బలవంతం చేస్తే దాని మొన, అది కూర్చునే గాడి దెబ్బతింటాయి. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పి ఇంజను స్టార్టు చేయాలి.

స్లయిడ్ స్క్రూతో స్లోను మామూలు కంటే కొంచెం పెంచాలి. ఇప్పుడు ఎయిర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి చెవిపెట్టి వినాలి. ఒకచోట ఇంజను గొంతు హుషారుగా పెరుగుతుంది. అది దాటితే మళ్లీ తగ్గుతుంది. గొంతు బాగా పెరిగిన చోటే ఎయిర్ స్క్రూకు తగిన చోటు. అక్కడ వదిలేసి, స్లయిడ్ స్క్రూతో స్లోను కావలసినంతకు దించాలి. ఇంకోసారి ఇదే వరసలో చూసుకుంటే పని పూర్తయినట్టే.

ఆ చోటు సాధారణంగా ఒకటి, రెండు చుట్ల మధ్య దొరుకుతుంది. దాదాపు పూర్తిగా బిగిస్తే గానీ ఇంజను కుదుటపడకపోతే స్లో జెట్టు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా చిన్నదై ఉండొచ్చు. రెండున్నర చుట్లు దాటినా చాలకపోతే జెట్టు పెద్దదై ఉండొచ్చు.

బండి చెప్పే గుర్తులు

సెట్టింగు అయ్యాక ఒకసారి గట్టిగా రేజ్ ఇచ్చి వదలాలి. రేజ్ ఇవ్వగానే ఇంజను గొంతు పట్టేసినట్టు ఆగి, తర్వాత లేస్తే గాలి ఎక్కువైందని అర్థం. వదిలాక వెంటనే దిగకుండా పైనే కాసేపు తిరిగినా అంతే. ఎయిర్ స్క్రూను ఇంకొంచెం బిగించాలి. అలా కాకుండా స్లో కంటే కిందికి పడిపోయి, మళ్లీ మెల్లగా తేరుకుంటే పెట్రోలు ఎక్కువైంది. అప్పుడు కొంచెం వదులు చేయాలి.

టూ స్ట్రోక్ ఇంజను స్లోలో గడియారంలా సమంగా కొట్టుకోదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు కాలిన పొగ పూర్తిగా బయటకు పోక, ప్రతి చుట్టుకూ మంట అందుకోదు. అందుకే టక్, టక్‌టక్ అని తడబడుతుంది. అది జబ్బు కాదు. ఆ తడబాటు పోగొట్టాలని గాలి పెంచుకుంటూ పోతే ఇంజనుకే ముప్పు. స్లో మరీ తగ్గించినా ఇబ్బందే. మాగ్నెటో కరెంటుతో హెడ్‌లైటు వెలిగే బళ్లలో ఇంజను తగ్గితే లైటూ తగ్గుతుంది. చీకట్లో కాలువ గట్టు మీద అది ప్రమాదం.

తనంతట తానే పెరిగితే జాగ్రత్త

అసలు భయపడాల్సింది స్లో ఆగిపోయే బండికి కాదు, ముట్టుకోకుండానే స్లో పెరిగిపోయే బండికి. షెడ్ల దగ్గర తరచూ వినబడే మాట ఒకటుంది. “స్లో ఎక్కువైందిరా అబ్బాయ్, కాస్త స్క్రూ వదులు చెయ్యి” అంటారు పెద్దాయన. “వదులు చేస్తే స్లో తగ్గుద్ది బాబాయ్, లోపలి జబ్బు తగ్గదు గదా!” అంటాడు పనితెలిసిన కుర్రాడు.

ఆ మాట నిజం. కార్బొరేటర్‌కు, సిలిండరుకు మధ్య అతుకు పగిలినా, మాగ్నెటో వైపు క్రాంక్ ఆయిల్ సీలు ఎండిపోయినా ఇంజను దొంగ గాలి పీలుస్తుంది. అప్పుడు పెట్రోలు పాలు తగ్గి వేడి పెరుగుతుంది. చివరికి పరుగు మీదున్న బండిలో పిస్టన్ పట్టేస్తుంది, వెనుక చక్రం బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో క్లచ్ పట్టి బండిని పక్కకు తీసుకోగలిగినవారే బయటపడతారు. ఇంజను గొంతు ఉన్నట్టుండి మారితే ఎడమచేతి వేళ్లు క్లచ్ మీదికి వెళ్లాలి.

అతుకు చుట్టూ కాస్త గ్రీజు పూసి చూస్తే ఇంజను గొంతు మారుతుంది. లోపం అక్కడే ఉందన్నమాట. గేర్ల వైపు సీలు పోతే గుర్తులు వేరు. తెల్లటి పొగ విడవకుండా వస్తుంది, గేరాయిల్ తగ్గుతుంది, ప్లగ్ జిడ్డు కడుతుంది. సీలు ఖర్చుకు వెనుకాడితే రీబోరింగు, కొత్త పిస్టన్ ఖర్చు మీద పడుతుంది.

ఆయిల్ ఎక్కువ పోస్తే వేడి తగ్గుతుందనే నమ్మకమూ సరికాదు. పెట్రోలులో కలిపే బళ్లలో ఆయిల్ పెరిగినకొద్దీ జెట్టు గుండా వెళ్లే పెట్రోలు తగ్గుతుంది. కంపెనీ చెప్పిన పాళ్లే పాటించాలి. లీటరుకు 20 మిల్లీలీటర్లు పోస్తే ఒకటికి 50 పాళ్లు, 40 పోస్తే ఒకటికి 25. అలాంటి బండి మీద ఘాట్ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తే పెట్రోలుతో పాటు ఆయిలూ అందదు. మధ్య మధ్య కాస్త రేజ్ ఇస్తూ దిగడం మంచిది.

కొత్త పెట్రోలు, పాత బండి

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశంలో 2023 ఫిబ్రవరి నుంచి అమ్మకానికి వచ్చింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. అందువల్ల అదే జెట్టు, అదే స్క్రూ ఉన్నా ఇంజనుకు గాలి ఎక్కువైనట్టే పనిచేస్తుంది. కొత్త బళ్లు తమంతట తాము సర్దుకుంటాయి, పాత కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. ఎప్పుడో పెట్టించిన స్లోను ఒకసారి మళ్లీ చూసుకోవడం అవసరం. పాత రబ్బరు పైపులు, సీళ్లు దీనికి తట్టుకోలేవు, పగుళ్లు కనబడితే మార్చాలి. ఇథనాల్ తేమను పీలుస్తుంది కనుక బండి చాలాకాలం వాడనప్పుడు కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి ఉంచాలి.

పొగ పరీక్షకూ ఇదే ఆధారం

పెట్రోలు బళ్ల పొగను పరీక్షించేది ఇంజను స్లోలో ఉన్నప్పుడే. 2000 మార్చి 31 లోపు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షలకు 9000 పాళ్లు మించకూడదని నిబంధన. పెట్రోలు ఎక్కువ తాగేలా స్లో పెట్టిన బండి ఇక్కడే తప్పుతుంది. ఆ కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, మనిషిని చంపుతుంది. వాన పడుతోందని తలుపులు వేసిన గదిలో బండి స్టార్టు చేసి ఉంచడం ఎంతమాత్రం తగదు.

స్లో పెట్టడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. స్క్రూడ్రైవరు, చెవి, పది నిమిషాల ఓపిక ఉంటే చాలు. ఒకసారి పెట్టిన స్లో నెలల తరబడి నిలవాలి. వారం తిరక్కముందే మళ్లీ తప్పితే స్క్రూను వదిలేసి అతుకులు, సీళ్లు చూపించుకోవాలి.