అడవిని కాపాడటానికి అడవికే నిప్పు.. ఎందుకు పెడతారు?

దావత్‌లో బిర్యానీ డేగిసా కింద మంట ఎక్కువైతే వంటమాస్టర్ ఏం చేస్తాడు? నాలుగు కట్టెలు బయటకు లాగేస్తాడు. గాలిని ఆపలేడు, ఎండను తగ్గించలేడు. అతని చేతిలో ఉన్నది కట్టె ఒక్కటే. పైన్ అడవుల్లో సిబ్బంది ముందుగానే నిప్పు పెట్టడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే.

ఉప్పాడ తీరంలో సరుగుడు తోటలు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చెట్ల కింద సూదుల్లాంటి ఆకు పరుపులా పేరుకుంటుంది. సరుగుడు పైన్ జాతి కాదు, చూపుకే పోలిక. పైన్ కూడా అలాగే ఆకు రాలుస్తుంది. పైగా అందులో జిగురు ఉంటుంది కాబట్టి ఎండితే ఇట్టే అంటుకుంటుంది.

మంట పైకి ఎలా ఎక్కుతుంది?

ముందు నేల మీది ఆకు కాలుతుంది. పక్కనే పొదలుంటే వాటికి, అక్కడి నుంచి కింది కొమ్మలకు, చివరికి చెట్టు తలకు.. నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుంది. తలలు అంటుకున్నాక దగ్గరకు వెళ్లడం ఎవరి తరమూ కాదు.

అందుకే గాలి, తేమ అనుకూలంగా ఉన్న రోజు చూసి, చుట్టూ నిప్పు దాటకుండా ఖాళీ గీత తీసి, చిన్న మంటతో ఆకును, పొదలను తగలబెడతారు. తర్వాత కార్చిచ్చు వచ్చినా దానికి మేత తక్కువ. మంట నేల మీదే ఉంటుంది, సిబ్బంది ఆర్పగలుగుతారు. అయితే ఆకు మళ్లీ రాలుతుంది, కాబట్టి కొన్నేళ్లకోసారి ఈ పని చేయాల్సిందే. మనవాళ్లు చాలామంది ఉంటున్న అమెరికాలోని జార్జియాలోనూ, పక్కనే ఫ్లోరిడాలోనూ కొన్ని పైన్ అడవులను రెండు మూడేళ్లకోసారి ఇలా కాలుస్తారు.

2021లో ఒరెగాన్‌లో బూట్‌లెగ్ కార్చిచ్చు 4 లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. ముందే చెట్లు పలచన చేసి, నిప్పు కూడా పెట్టి ఉంచిన చోట మాత్రం మంట కిందికి దిగింది.

లెక్క తప్పితే?

ప్రమాదమే. 2022 ఏప్రిల్‌లో న్యూమెక్సికోలో ఇలా పెట్టిన నిప్పు చేయిదాటింది. మరో మంటతో కలిసి 3.4 లక్షల ఎకరాలు కాలాయి, వందల ఇళ్లు పోయాయి. ఆ తర్వాత అక్కడి అటవీ శాఖ 90 రోజులు ఈ పనే ఆపేసింది.

మన దగ్గర 2014 మార్చిలో శేషాచలం మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇక్కడ అటవీ సిబ్బంది ఎండలు ముదరకముందే గడ్డి, ఆకు తీసి అగ్ని గీతలు సిద్ధం చేస్తారు.

మనం ఏం చేయాలి?

ఇది చదివి తోటలో ఆకుకు నిప్పు పెట్టకండి. మందపాటి బెరడున్న పైన్ చిన్న మంటను తట్టుకుంటుంది, సరుగుడు తట్టుకోలేదు. ఆకును ఊడ్చి తీసేయడమే మేలు. పిక్నిక్‌లో వంట చేస్తే నిప్పు మీద నీళ్లు పోసి, చల్లారిందో లేదో చూసుకునే కదలండి. ఎక్కడైనా మంట కనిపిస్తే ఆలస్యం చేయకుండా 101కి ఫోన్ చేయండి.