మాస్కు కుట్టిన చేతులకు మజూరి

2020వ సంవత్సరము మార్చి 11వ తేదీన ప్రపంచారోగ్య సంస్థ కరోనా వ్యాధిని విశ్వవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటించెను. ఆ నెలలోనే విదేశమునుండి వచ్చిన యాత్రికులలో వ్యాధి కనబడుటచే మన కరీంనగరమున వైద్యబృందములు ఇల్లిల్లు తిరిగి విచారించెను. 25వ తేదీనుండి దేశమంతయు తలుపులు మూసికొనెను. దుకాణములలో మాస్కులు దొరకుట దుర్లభమయ్యెను. అట్టి వేళ మగువల కుట్టుమిషనులు కదలినవి. వారినిగూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

రోగభయమున ముక్కునోళ్లకు గుడ్డ కట్టుకొనుట నిన్న మొన్న పుట్టిన ఆచారము కాదు. 1910-11లో మంచూరియాలో ప్లేగు చెలరేగినపుడు వూ లియన్‌తే యను వైద్యుడు పలుచని గుడ్డపొరల నడుమ దూది నుంచి కట్టుకొను మాస్కును వాడుకలోనికి తెచ్చెను. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా కాలమున అమెరికాలో రెడ్‌క్రాసు స్త్రీలు మాస్కులు కుట్టి పంచిరి. 2020 ఏప్రిలు నాటికి మన దేశమున 27 రాష్ట్రములలో సుమారు 20,000 స్వయం సహాయక సంఘములు 1 కోటి 90 లక్షలకు పైగా మాస్కులు కుట్టినవని ప్రపంచ బ్యాంకు తెలిపెను. తెలంగాణములోని సంఘముల స్త్రీలును ఈ పనికి పూనుకొనిరి.

ఇది చూచుటకు చిన్న పని. చేయువారికే దాని శ్రమ తెలియును. బట్టను కొలతకు కత్తిరించి, ముక్కునుండి గడ్డము క్రిందివరకు విచ్చుకొనునట్లు మడతలు పెట్టి, చెవులకు నాడాలు బిగింపవలెను. లోపల చెమ్మ పీల్చు నూలుపొర, నడుమ వడపోయు పొర, పైన తడి యంటని పొర, ఇట్లు మూడు పొరలుండుట మేలని ప్రపంచారోగ్య సంస్థ 2020 జూన్ 5వ తేదీన సూచించెను.

ఇంతటి పని చేసిన యామెకు మనమిచ్చిన దేమి? "మహాతల్లులు" అని పొగడితిమి. పొగడ్తతో పొయ్యి రాజునా? బట్టయు దారమును ఇచ్చితిమి గదా యని మజూరి దగ్గర బేరమాడుట మనలో పలువురి యలవాటు. సూది, మిషనునూనె, కరెంటు ఆమెవే. వంటయు పిల్లలును చూచుకొని రాత్రి మేలుకొన్న కాలమును ఆమెదే.

ఈ యన్యాయము మన వీధికే పరిమితము కాదు. ఆ సంవత్సరమే పాశ్చాత్య దేశముల వర్తకులు బంగ్లాదేశమునకిచ్చిన ఆర్డర్లలో మూడువందల కోట్ల డాలర్లకు పైబడిన సరకును రద్దుచేసిరి, లేదా నిలిపివేసిరి. అందు కుట్టి సిద్ధముగా నున్న దుస్తులును గలవు. అచ్చటి కర్మాగారములలో కుట్టువారు ఎక్కువగా స్త్రీలే. ఎందరో ఒక్కసారిగా పనిలేక యింటికి మరలవలసి వచ్చెను. కొనువాడు మాట తప్పినచో ఆ దెబ్బ చివరకు తగులునది సూది పట్టిన చేతికే.

కావున దూరదేశపు సోదరికైనను, ఆదిలాబాదు పల్లెలోని సోదరికైనను మనము చేయదగిన సాయ మొక్కటే. పని యిచ్చుట, ఒప్పుకొన్న మజూరిని పని ముట్టిన నాడే చెల్లించుట. మన పాత కరీంనగరము జిల్లాలోని సిరిసిల్లను చూడుడు. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చినపుడు అచ్చటి సాంచాలకు చేతినిండ పని దొరకెను. దానమిచ్చిన రూపాయి ఒక పూటకు సరి. పని యిచ్చిన రూపాయి మరునాటికి ధైర్యము.

2023 మే 5వ తేదీన ప్రపంచారోగ్య సంస్థ ఆ యత్యవసర స్థితి ముగిసెనని ప్రకటించెను. మాస్కుల గిరాకి పోయెను. నేర్చిన విద్య పోలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లల యూనిఫారములు కుట్టు పనిని సంఘముల స్త్రీలకు అప్పగించిరి. ఇది మంచి మార్గము. ప్రభుత్వము చేయునంత మనము చేయలేము. అయినను పిల్లల గౌన్లు, రవికలు, దిండు గలేబులు మన వీధిలోని కుట్టుపని యామెకే ఇయ్యవచ్చును గదా! ఇచ్చినపుడు మజూరి తగ్గింపుమని యడుగకుందుము. పండుగ పోయిన పిదప ఇచ్చెదమనియు చెప్పకుందుము.