మూకీ చిత్రం నుంచి బ్యాండు సంగీతానికి

మూకీ చిత్రాలకు మాట లేదు గాని సంగీతం ఉండేది. చిన్న హాళ్లలో తెర పక్కన ఒక పియానో, మహానగరాల్లో అయితే పూర్తి వాద్యబృందం. బొమ్మ ముందు నడిచేది, సంగీతం వెంట వచ్చేది. మేము ఇక్కడ చెప్పదలచినది ఇందుకు తలకిందులైన సంగతి: తెర లేకుండానే, ఒక మూకీని తలచుకొని, ఊది వాయించే వాద్యాల కోసం ఈ కాలంలో రాసిన సంగీతం.

ఒక్క చిత్రాన్నే తీసుకుందాం. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘మెట్రోపోలిస్’ 1927 జనవరి 10న బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. పైన ధనికుల మేడలు, నేల కింద కార్మికులు, యంత్రాలు - అదీ ఆ నగరం. సంగీతం గాట్‌ఫ్రీడ్ హుప్పర్ట్స్‌ది. నిడివి ఎక్కువైందని ఆ ఏడాదే చిత్రాన్ని కత్తిరించారు. దాదాపు నాలుగో వంతు ఎనభై ఏళ్లు కనబడకుండా పోయింది. 2008లో బ్యూనస్ ఐరిస్ సినిమా మ్యూజియంలో ఇంచుమించు పూర్తి ప్రతి ఒకటి బయటపడింది. ఏ దృశ్యం ఎక్కడ రావాలో తేల్చుకోవడానికి హుప్పర్ట్స్ స్వరప్రతి ఎంతగానో పనికివచ్చింది. ఏ స్వరం దగ్గర ఏ దృశ్యం రావాలో చెప్పే గుర్తులు అందులో వెయ్యికి పైగా ఉన్నాయి. బొమ్మకు తోడుగా పుట్టిన సంగీతమే, బొమ్మ పోయినప్పుడు దాని జాడ దాచింది! పునరుద్ధరించిన చిత్రం 2010లో మళ్లీ బెర్లిన్‌లోనే ప్రదర్శితమైంది.

ఈ చిత్రం ప్రేరణతో స్కాట్లండులో పుట్టిన పీటర్ గ్రాహం బ్రాస్ బ్యాండు కోసం ‘మెట్రోపోలిస్ 1927’ రాశాడు. బ్రాస్ బ్యాండు అంటే సుమారు పాతికమంది ఊదే ఇత్తడి వాద్యాలు, వాటితోపాటు తాళవాద్యాలు. మన పెళ్లి ఊరేగింపులో వినబడే క్లారినెట్‌కు ఇందులో చోటు లేదు. బ్రిటన్‌లో ఇలాంటి బ్యాండ్లు పందొమ్మిదో శతాబ్దంలో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవారి మధ్య పెరిగాయి. యంత్రాల కింద నలిగే కార్మికుల కథ ఈ వాద్యాలకు చేరడం మాకు ఎంతో సబబుగా తోస్తుంది.

అయితే ఒక చిక్కుంది. యంత్రం ఆగదు, మనిషికి ఊపిరి కావాలి. ఆగని ధ్వనిని ఊపిరితో పుట్టించడం ఎలా? ఒకే స్వరం పట్టిన ఇద్దరు ముగ్గురు వాద్యకారులు వేర్వేరు చోట్ల ఊపిరి తీసుకుంటారు. ఒకరు ఆగిన క్షణాన మరొకరు కొనసాగిస్తారు, అతుకు వినబడదు. సన్నాయి మేళం దగ్గర కూర్చున్నవారికి ఇది కొత్త కాదు. జంటలో ఒకరు గుక్క తిప్పుకునేటప్పుడు రెండోవారు రాగాన్ని నిలుపుతారు. ‘మెట్రోపోలిస్’ ఆరంభంలో కార్మికుల షిఫ్టు మారుతుంది: ఒక వరుస తలలు వంచుకొని లోపలికి, మరో వరుస ఇంకా నెమ్మదిగా బయటికి. యంత్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

వీలైతే ఆ కొద్ది నిమిషాలూ ముందు శబ్దం లేకుండా చూడండి. తరువాత తెర కట్టేసి బ్యాండు వినండి, ఊపిరి ఎక్కడ తీస్తున్నారో పట్టుకోగలరేమో.