పలక చేతికొచ్చాక పుస్తకం ఎప్పుడు?

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి

మార్కాపురం అనగానే ఎవరికైనా పలకలు గుర్తుకొస్తాయి. మా నేలలోని రాతిని పొరలు పొరలుగా చీల్చి, కోసి, చెక్క చట్రం బిగించి దేశం నలుమూలలకూ పంపారు మనవాళ్లు. ఎక్కడెక్కడి పిల్లలో ఆ పలకల మీద ఓనమాలు దిద్దుకున్నారు. ప్లాస్టిక్కు పలకలూ నోటుపుస్తకాలూ వచ్చాక ఆ గిరాకీ తగ్గింది, అది వేరే కథ. నేను అడగదలచింది ఒక్కటే. అక్షరాలు దిద్దిన పిల్లవాడికి ఆ తర్వాత చదువుకోడానికి మనం ఏమిచ్చాం? పాఠ్యపుస్తకం కాకుండా అని నా ఉద్దేశం.

నేను చదివిన పల్లెటూరి బళ్లో కథల పుస్తకాలు లేకపోలేదు. ఇనప బీరువాలో, తాళం కింద ఉండేవి. ఐదేళ్లలో ఆ బీరువా తెరవగా రెండుసార్లు చూశాను, రెండుసార్లూ తనిఖీకి పెద్దలు వచ్చిన రోజులే. అప్పట్లో అయ్యవారి మీద కోపం వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఇబ్బందీ అర్థమవుతుంది. పుస్తకాలన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కి ఉంటాయి. చినిగినా, పోయినా జవాబు చెప్పుకోవలసింది ఆయనే. బీరువాలో ఉంటే లెక్క సరిపోతుంది, పిల్లల చేతిలో పడితే లెక్క తప్పుతుంది. బతకనేర్చిన మనిషి ఏది ఎంచుకుంటాడు?

దాని ఫలితం మా ఇంట్లోనే కనబడుతోంది. మా తమ్ముడు ఐదో తరగతి. అక్షరాలన్నీ వచ్చు, గుణింతాలూ వచ్చు. పుస్తకం ఇస్తే మాత్రం "రా... జు... గా... రు..." అని కూడబలుక్కుంటాడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. వాడికి తెలివి లేక కాదు. మనసు ఒక్కసారిగా పట్టి ఉంచగలిగేది కొద్దిగానే. ఆ కొద్ది కాస్తా వత్తులూ దీర్ఘాలూ గుర్తుపట్టడానికే ఖర్చయిపోతే అర్థానికి చోటెక్కడ మిగులుతుంది? వాడొక్కడే కాదు. 2024 నాటి అసర్ సర్వేలో, దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 23 మందే తేలారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మాది కంది, మిరప వేసుకునే ఇల్లు. ఇంట్లో అచ్చుకాగితం అంటే క్యాలెండరు, పట్టాదారు పాసుపుస్తకం, పురుగుమందు డబ్బా మీది చీటీ. మేము "యాడికి బోతుండావు" అంటాం. పాఠంలో "ఎక్కడికి వెళ్తున్నావు" అని ఉంటుంది. పుస్తకం భాషను చెవితో ఎన్నడూ వినని పిల్లవాడు దాన్ని కంటితో గుర్తుపట్టాలంటే ఎట్లా? పట్నం పిల్లవాడికి అమ్మ పక్కలో పడుకోబెట్టుకొని చదివి వినిపిస్తుంది. మా పిల్లలకు ఆ పని చెయ్యగలిగింది బడి ఒక్కటే. అందుకే రోజూ పది నిమిషాలు టీచరు గొంతెత్తి కథ చదివి వినిపించడం కాలక్షేపం కాదంటాను. మేము ల్యాబులో టైట్రేషన్ చేసేటప్పుడు చుక్క చుక్కగా వేస్తూ పోతే ఎంతసేపటికీ రంగు మారదు, ఉన్నట్టుండి ఒక చుక్కకు మారిపోతుంది. చదువు పట్టుబడడమూ అట్లాంటిదే.

ఇక రచయితల సభల సంగతి. నేను పదో తరగతిలో ఉండగా మా ప్రాంతంలోని ఒక హైస్కూలుకు ఒక రచయితను పిలిచారు. ఎండలో రెండు గంటలు కూర్చున్నాం. దండలు, శాలువా, ఒకరి తర్వాత ఒకరు ఉపన్యాసాలు. ఆయన రాసిన పుస్తకం ఏదో మాలో ఒక్కరికీ తెలియదు. ఆ శాలువా డబ్బుతో ఆయన పుస్తకాలే నాలుగు కొని ముందుగా మాకిచ్చి ఉంటే ఎంత బాగుండేదో!

రెండోది నిరుడు చూశాను. మా పెదనాయన కూతురు, మా అక్క, గిద్దలూరు అవతల ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. బాలల కథలు రాసే ఒకాయన వస్తానన్నారు. అక్క పదిహేను రోజుల ముందునుంచీ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన పుస్తకం కొంచెం కొంచెంగా చదివి వినిపించింది. ఆయన రైలు దిగి వచ్చారు. శాలువా లేదు, మైకు లేదు, అందరితోపాటు చాప మీదే కూర్చున్నారు. నాలుగో తరగతి పిల్లవాడొకడు లేచి, "మేకను సంతలో అమ్మేసినాక మీ కథలో పిల్లోడు ఏడవలేదేంది సార్?" అని అడిగాడు. ఆయన కాసేపు ఊరుకొని, "రాసేటప్పుడు నాకు తోచలేదు నాయనా" అన్నారు. "మా నాయన ఎద్దుల్ని అమ్మినప్పుడు నేను ఏడిచినా" అన్నాడు వాడు. ఆ తర్వాత గంటసేపు పిల్లలు ఆయన్ను వదిలిపెట్టలేదు. తేడా రచయితలో లేదు, ముందు గడిచిన ఆ పదిహేను రోజుల్లో ఉంది.

అయితే టీచరు తాను చదవకుండా పిల్లలకు చదివించగలదా? అక్క దగ్గర రెండు పుస్తకాలు నలిగిపోయి ఉన్నాయి. ఒకటి గుజరాత్‌లో పిల్లల చదువు కోసం బతుకంతా ధారపోసిన గిజుభాయి రాసిన 'పగటికల'. అందులో ఒక పంతులు నాలుగో తరగతిని చేతిలోకి తీసుకొని పిల్లలకు కథలు చెప్పడం మొదలుపెడతాడు. రెండోది 'రైలుబడి'. టోక్యోలో పాత రైలుపెట్టెలే తరగతి గదులైన ఒక బడి గురించి అక్కడ చదువుకున్న టెట్సుకో కురొయనాగి 1981లో రాసిన పుస్తకానికి తెలుగు. ఉపాధ్యాయులు నెలకొకసారి పదిమంది కూడి ఇట్లాంటి పుస్తకం ఒకటి మాట్లాడుకుంటే ఎన్నో శిక్షణ తరగతులకు సాటి వస్తుందని నా నమ్మకం. 2020 నవంబరులో మన ప్రభుత్వం 'చదవడం మాకిష్టం' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పేరు చక్కగానే ఉంది, కాని ఇష్టం అన్నది సర్క్యులరుతో పుట్టదు గదా!

పుస్తకాలు దొరకవనే సాకు ఇప్పుడు చెల్లదు. నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకం వారి చిన్న పుస్తకాలు చవకే. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అని పెట్టారు, అందులో తెలుగు కథలు సెల్‌ఫోనులో ఊరికే చదువుకోవచ్చు. వెనకటివాళ్లకు ఇవేవీ లేవు. అయినా 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. మాకు కాలువ లేదు, నిజమే. బస్సుంది, మోటారు సైకిలుంది. మా నాయన కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ పన్ను కూడా ఉంది. 1960 నాటి చట్టం ప్రకారం వసూలయ్యే డబ్బు అది. మా ఊరికి మాత్రం ఇంతవరకు పుస్తకం రాలేదు.

అందుకే ఈసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో రోడ్లు ఊడవడంతోపాటు రోజూ ఒక గంట బళ్లో కథ చదవాలని మేము నలుగురం అనుకున్నాం. తమ్ముడికి రాత్రిళ్లు నేనే చదివి వినిపిస్తున్నాను. మొన్న నేను కావాలనే ఒక మాట వదిలేస్తే, పుస్తకంలోకి తొంగిచూసి, "అది కాదన్నా" అని దిద్దాడు.

ఎద్దుల కోసం ఏడ్చిన ఆ పిల్లవాడు ఇప్పుడు బళ్లో లేడు. వానలు తప్పి అమ్మానాన్నలు బేల్దారి పనికి హైదరాబాదు పోతూ వాణ్ణీ తీసుకుపోయారు. వాడితోపాటు ఆ మేక పుస్తకమూ పోయింది. స్టాకు రిజిస్టరులో ఒకటి తక్కువ. "పోయినది" అని రాసెయ్యమన్నారు పెద్ద సారు. అక్క ఇంకా రాయలేదు.