కోట మట్టిలో కలిసింది... స్తంభం మిగిలింది

బొబ్బిలి పేరెత్తగానే మన పల్లెల్లో ఎవరికైనా ముందుగా గుర్తుకొచ్చేది తాండ్ర పాపారాయుడు. షేక్ నాజర్ బుర్రకథ, 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’, 1986 నాటి ‘తాండ్ర పాపారాయుడు’ సినిమాలు ఆ వీరుణ్ణి ఇంటింటికీ తెచ్చాయి. అయితే ముట్టడి జరిగిన రోజున పాపారాయుడు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడని కథకులే చెబుతారు. కోటగోడ మీద నిలబడి ప్రాణాలొడ్డిన వారు వేరు. పాత కోట ఉన్న చోట నిలిచిన యుద్ధస్తంభం వారి గుర్తు.

నీటి దగ్గర రాజుకున్న నిప్పు

విజయనగరం, బొబ్బిలి సంస్థానాలు ఇరుగుపొరుగువి. వాగుల నీళ్లు తమ పొలాలకు మళ్లించుకున్నారన్నది వాటి మధ్య తగాదాల్లో ఒకటి. నిజాం నవాబు 1753లో ఉత్తర సర్కారులను పరాసులకు అప్పగించాడు. పరాసుల సేనాని బుస్సీ ఇటు రావడంతో విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజుకు అండ దొరికింది. బొబ్బిలిని విడిచిపెట్టి వేరొకచోట భూములు పుచ్చుకోవాలని బొబ్బిలి రాజు రంగారావుకు కబురు వచ్చింది. తాతలనాటి గడ్డను వదలడం తలవంపులని రంగారావు ఒప్పుకోలేదు.

ఒక్క పగటి పోరు

1757 జనవరి 24. తెల్లవారగానే నాలుగు ఫిరంగులు కోట బురుజుల మీద నిప్పులు కక్కాయి. బయట 750 మంది పరాసులు, 11 వేల మంది విజయరామరాజు సైనికులు ఉన్నారని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాశాడు. లోపలివారు కొద్దిమంది. గోడ మీది గడ్డికప్పుకు నిప్పంటుకోకుండా వారు ముందే దాన్ని పీకేశారు. బురుజులు బీటలు వారాక నాలుగు దిక్కుల నుంచి ఒక్కసారే దాడి జరిగింది. అయినా ఒక్కడు కూడా గోడ దాటలేకపోయాడు. మళ్లీ వచ్చారు, మళ్లీ కొట్టించుకుని వెనుదిరిగారు.

మధ్యాహ్నమయ్యేసరికి కోట దక్కదని రంగారావుకు తేలిపోయింది. శత్రువుల చేతికి చిక్కరాదని లోపలి ఇళ్లకు నిప్పు పెట్టించాడు. ఆడవారు, పసిబిడ్డలు తమవారి చేతుల్లోనే ప్రాణాలు విడిచారు. ఆ పని ముగించి వచ్చిన మగవారు లొంగిపోతే విడిచిపెడతామన్నా వినక, తుదికంటా పోరాడి నేలకొరిగారు. రంగారావు తుపాకి గుండుకు పడిపోయాడు.

బతికిన పసివాడు

ఆ మంటల్లోంచి ఒక ముసలివాడు ఒక బాలుడి చేయి పట్టుకుని పరాసు అధికారి లా ఎదుటికి వచ్చాడు. తండ్రి మాట కాదని కాపాడిన రంగారావు కొడుకు ఇతడేనని అప్పగించాడు. మూడు రాత్రులు తిరక్కుండానే విజయరామరాజు తన డేరాలో హతుడయ్యాడు. ఒంటి మీద 32 గాయాలు ఉన్నాయట. ఆ పని చేసినవాడు పాపారాయుడేనని జనం నమ్మకం. బతికిన బాలుడు చిన రంగారావుకు 37 ఏళ్ల తర్వాత, 1794లో, కంపెనీ వారు తిరిగి బొబ్బిలిని ఇచ్చారు.

134 ఏళ్లకు స్తంభం

ఆ వంశానికే చెందిన బొబ్బిలి మహారాజా 1891లో పాత కోట స్థలంలో ఈ స్తంభం కట్టించారు. రంగారావు, మల్లమ్మదేవి, పాపారాయుళ్ల పేర్లు పాటల్లో నిలిచాయి. గోడ మీద బల్లెం పట్టిన బంటు పేరు, మంటల్లో పోయిన పసిబిడ్డ పేరు ఏ పాటలోనూ వినపడవు. వారికి ఆనవాలు ఈ రాయి ఒక్కటే.

ఆనాటి రెండు సంస్థానాలూ ఇవాళ ఒకే జిల్లాలో ఉన్నాయి. గోడ లోపల పడినవారూ, గోడ బయట విజయరామరాజు పక్షాన పడినవారూ ఈ నేల బిడ్డలే. బొబ్బిలి వెళ్లినవారు ఆ స్తంభం దగ్గర ఒక్క క్షణం ఆగితే, పౌరుషంతో పాటు, పొరుగువారి పోరుకు ఈ గడ్డ చెల్లించిన మూల్యం కూడా గుర్తుకొస్తుంది.