ఐత్వం దగ్గర తప్పిపోయిన ఫైళ్లు

మణికొండ మర్రిచెట్టు దగ్గర మా అపార్ట్‌మెంట్లో, కింది ఫ్లాటు మాస్టారు రిటైరయ్యాక స్థానిక చరిత్ర రాస్తున్నారు. ఫైళ్ల పేర్లన్నీ తెలుగులోనే: హైదరాబాద్ చెరువులు, హైదరాబాద్ బావులు, గోల్కొండ దర్వాజాలు. లినక్స్ ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి కమాండ్లు కొట్టడమంటే ఆయనకు సరదా. గచ్చిబౌలిలో సర్వర్ల బ్యాకప్ చూసే ఉద్యోగం నాదని తెలిసి ఒకరోజు లిఫ్టు దగ్గర ఆపేశారు. "చూడమ్మా, హైదరాబాద్ స్టార్ అని కొట్టి టార్‌తో బ్యాకప్ తీశాను. తెరిస్తే కొత్త వ్యాసాలే ఉన్నాయి. పాతవి ఒక్కటీ రాలేదు. ఎర్రర్ కూడా చూపించలేదు."

ఎర్రర్ చూపించకపోవడానికి కారణం ఉంది. స్టార్ గుర్తును విప్పేది టార్ కాదు, టెర్మినల్లో కమాండ్లు అందుకునే షెల్. ఎంటర్ నొక్కగానే షెల్ ఆ ఫోల్డర్లో సరిపోయే పేర్లన్నీ ఏరి, ఆ జాబితాను టార్ చేతికిస్తుంది. టార్‌కు స్టార్ కనిపించనే కనిపించదు. బెల్ ల్యాబ్స్‌లో 1971 నాటి తొలి యూనిక్స్ నుంచీ ఇదే వరస. అప్పట్లో పేర్లు ఏరడానికి గ్లోబ్ అనే విడి ప్రోగ్రాం ఉండేది. ఒక్క పేరూ సరిపోకపోతే బాష్ షెల్ ఆ స్టార్‌ను ఉన్నదున్నట్టే పంపేస్తుంది, అలాంటి ఫైలు లేదని టార్ గోల పెడుతుంది. కొన్ని సరిపోయి కొన్ని సరిపోకపోతే ఆ గోల కూడా ఉండదు. నన్నడిగితే అదే ఎక్కువ ప్రమాదం.

ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, టార్ బదులు ఎకో కొట్టి అదే స్టార్ ఇచ్చాను. ఎకో ఏ ఫైలునూ ముట్టదు, షెల్ ఏరిన పేర్లు చూపించి ఊరుకుంటుంది. పాత వ్యాసాలు అందులోనే లేవు. ఫోల్డర్లో మాత్రం కళ్లెదుటే ఉన్నాయి, అవే అక్షరాలతో. పేర్లను, బైట్లు చూపించే హెక్స్‌డంప్‌లోకి పంపాక గుట్టు తెలిసింది. 'హై'లోని ఐత్వం కొత్త ఫైళ్లలో 3 బైట్లు, పాతవాటిలో 6.

యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వమూ దాని కింద చేరే ముక్కా అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. తెలుగు గుణింతంలో ఈ చిక్కు ఐత్వానికొక్కదానికే. కన్నడంలో ఐదు గుర్తులకుంది, పాపం. 2017లో ఏపీఎఫ్ఎస్ వచ్చేదాకా మాక్ కంప్యూటర్లలో ఉన్న హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్, ఫైలు పేర్లను ఇలా విడగొట్టి దాచేది. మాస్టారి పాత వ్యాసాలు వాళ్లబ్బాయి పాత మాక్ నుంచి ఆర్‌సింక్‌తో వచ్చినవే. పేర్లు విడిపోయినవి విడిపోయినట్టే దిగాయి. లినక్స్ పోల్చేది బైట్లను, రూపాన్ని కాదు.

అప్పటికప్పుడు గట్టెక్కడానికి 'హ' తర్వాత స్టార్, ఆపై 'దరాబాద్', మళ్లీ స్టార్ పెట్టాం. అన్నీ చిక్కాయి. శాశ్వతంగా సరిచేయడానికి కన్వ్‌ఎంవీ అనే చిన్న పనిముట్టు ఉంది. ఎన్ఎఫ్‌సీ ఆప్షన్ ఇస్తే పేర్లను ఒకే పద్ధతికి తెస్తుంది. మొదట ఏం మార్చబోతోందో చూపిస్తుందంతే, నోటెస్ట్ అని చెబితేనే నిజంగా మారుస్తుంది. బ్యాకప్ ప్రోగ్రాములన్నీ ఇంత మర్యాదగా ఉంటే బాగుండేది.

'పాస్‌బుక్' లాంటి పేర్లలో ఇంకో దొంగ ఉంటాడు. పొల్లు కింద ఒత్తు చేరకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక గుర్తును మధ్యలో పెడతాయి. ఒకసారి ఆ గుర్తుతో, ఒకసారి అది లేకుండా కొడితే షెల్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ఇక స్టార్ బదులు వాడే ప్రశ్నార్థకం ఒక అక్షరానికి సరిపోతుందంటారు గానీ మన 'క్రి' దానికి నాలుగు గుర్తులు: క, పొల్లు, ర, గుడి.

ఇంగ్లిష్ పేర్లు పెట్టుకోమనండి, గొడవుండదు అంటారు మా ఆఫీసులో. నేనొప్పుకోను. పెద్దక్షరాల జేపీజీతో కెమెరా ఇచ్చిన ఫొటో, లినక్స్‌లో చిన్నక్షరాల జేపీజీ స్టార్‌కు చిక్కదు. చుక్కతో మొదలయ్యే ఫైళ్లను మామూలు స్టార్ అసలు పట్టించుకోదు. విండోస్‌లో స్టార్‌ను విప్పుకునే పని ప్రోగ్రాందే. సెవెన్ జిప్‌కు స్టార్ డాట్ స్టార్ అని చెబితే ఎక్స్‌టెన్షన్ లేని ఫైళ్లను వదిలేస్తుంది.

మాస్టారు ఇప్పుడు స్టార్ మానేసి ఫోల్డర్ మొత్తాన్నీ టార్‌కు ఇస్తున్నారు. పని కాగానే టార్ టీఎఫ్‌తో జాబితా తీసి, ఫోల్డర్లోని ఫైళ్ల లెక్కతో సరిచూస్తున్నారు. టార్ జాబితాలో సబ్‌ఫోల్డర్లు కూడా పడతాయి కాబట్టి స్లాష్‌తో ముగిసే వరసలు తీసేసి లెక్కపెట్టమని చెప్పాను.